ఆకు పగటి పనిని కనుగొన్న వైద్యుడు
(యాన్ ఇంగెన్‌హౌస్ జీవితము)

ఉన్నత పాఠశాలలో ప్రకృతిశాస్త్రము చదివిన విద్యార్థులందరికిని ఒక ప్రయోగము పరిచితమే. నీరు పోసిన బీకరులో హైడ్రిల్లా అను నీటిమొక్క కొమ్మలను ఉంచి, వానిపై గాజు గరాటును బోర్లించి, గరాటు కాడమీద నీటితో నిండిన పరీక్షనాళికను తలక్రిందుగా నిలిపి, ఎండలో పెట్టుదురు. కొంతసేపటికి కొమ్మలనుండి ముత్యములవంటి బుడగలు బయలుదేరి నాళిక పైభాగమున చేరును. ఆ వాయువులో నిప్పుకణికతో నున్న పుల్లను ఉంచినచో అది భగ్గున మండును. ఇది ప్రాణవాయువని ఉపాధ్యాయుడు చెప్పును. విద్యార్థి పటము గీచి, భాగములకు పేర్లు వ్రాసి, మార్కులు తెచ్చుకొనును. కాని ఆ బీకరును చీకటిలోనికి మార్చినచో బుడగలు నిలిచిపోవునని లోకమునకు మొదట నిరూపించినవాని పేరు పాఠములో ఒక పంక్తికి మించి కనబడదు. ఆయన వృత్తిచేత వృక్షశాస్త్రజ్ఞుడు కాడు. మశూచిని అరికట్టుటలో పేరుపొందిన వైద్యుడు. ఆయనయే యాన్ ఇంగెన్‌హౌస్.

ఇంగెన్‌హౌస్ 1730వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన డచ్చి దేశమునందలి బ్రెడా పట్టణమున జన్మించెను. తండ్రి తోళ్ల వర్తకుడు. ఔషధ విక్రయము కూడ చేసెడివాడు. వారు రోమన్ కాథలిక్కులు. ఆ దేశమునందలి అధికారము ప్రొటెస్టెంటు మతస్థుల చేతులలో ఉండెను. అందుచేత చదువునందు చురుకుగల ఆ బాలుడు పదునారవ యేట సరిహద్దు దాటి, కాథలిక్కుల విద్యాపీఠమైన లూవెన్ నగరమునకు పోయి వైద్యశాస్త్రము నభ్యసించెను. పట్టము పొందిన పిదప లైడెన్ నగరమున భౌతిక, రసాయన శాస్త్రములందు కృషిచేసి, స్వస్థలమునకు వచ్చి వైద్యవృత్తి నారంభించెను. రోగులను చూచుట ఒకవైపు, ఇంటిలోనే విద్యుత్తును గూర్చిన ప్రయోగములు మరియొకవైపు సాగుచుండెను.

ఆయన జీవితమును మలుపు త్రిప్పినది ఒక స్నేహము. ఆస్ట్రియా వారసత్వ యుద్ధకాలమున బ్రిటిషు సైన్యము బ్రెడా ప్రాంతమున విడిసినప్పుడు, సైనిక వైద్యుడైన జాన్ ప్రింగిల్‌కు ఇంగెన్‌హౌస్ కుటుంబముతో పరిచయము కలిగెను. చురుకైన ఆ బాలునిపై ఆయనకు అభిమాన మేర్పడెను. ఈ ప్రింగిలే తరువాతికాలమున లండనులోని రాయల్ సొసైటీకి అధ్యక్షుడైనవాడు. 1764లో తండ్రి మరణించిన పిదప ఇంగెన్‌హౌస్ ప్రింగిల్ ప్రోత్సాహముతో ఇంగ్లండునకు పోయెను.

ఆ కాలమున యూరపును వణికించిన వ్యాధి మశూచి. గుడిసె యని గాని, రాజభవన మని గాని దానికి భేదము లేదు. జెన్నరు గోమశూచి టీకాను ఇంకను కనిపెట్టలేదు. అప్పుడు వాడుకలోనున్న పద్ధతి వేరు. మశూచి పొక్కులోని రసమును అతిస్వల్పముగా తీసి ఆరోగ్యవంతుని చర్మముక్రింద ఎక్కించెడివారు. వానికి తేలికపాటి జబ్బు వచ్చి తగ్గిపోవును. మరల మశూచి సోకదు. ఇట్టి పద్ధతి మన దేశమున బంగాళ ప్రాంతమునను ఉండెనని హాల్వెల్ అను ఆంగ్లేయుడు 1767లో లండను వైద్యులకు వ్రాసి తెలిపెను. అయితే ఇది కత్తిమీద సాము. తేలికగా రావలసిన జబ్బు ఒక్కొక్కప్పుడు ముదిరి ప్రాణమును తీయవచ్చును. ఎంత రసము, ఏ వయస్సు, ఏ ఆహారము, ఏ స్థితి అను విషయములను వైద్యుడు జాగ్రత్తగా గమనింపవలెను. ఇంగెన్‌హౌస్ ఈ పనిలో ఆరితేరెను. డిమ్స్‌డేల్ అను ప్రసిద్ధ వైద్యునితో కలసి హెర్ట్‌ఫర్డ్ మండలపు పల్లెలలో సుమారు 700 మందికి ఈ చికిత్స చేసెను.

ఇంతలో ఆస్ట్రియా రాణి మేరియా థెరీసా కుటుంబమును మశూచి పీడించెను. 1767లో ఆమె కోడలును, ఒక కుమార్తెయు ఆ వ్యాధికి బలియైరి. రాణియు దాని వాతబడి కష్టముమీద బయటపడెను. మిగిలిన బిడ్డలనైనను కాపాడుకొనదలచి ఆమె ఇంగ్లండునుండి సమర్థుడైన వైద్యుని కోరెను. ప్రింగిల్ సిఫారసుచేత ఇంగెన్‌హౌస్ 1768లో వియన్నా చేరి, ముందుగా అచటి పేదపిల్లలకు చికిత్సచేసి, తరువాత రాజకుమారులు ఫెర్డినాండు, మాక్సిమిలియనులకును, రాణి మనుమరాలికిని రసము నెక్కించెను. అందరును క్షేమముగా కోలుకొనిరి. రాణి ఆయనను ఆస్థానవైద్యునిగా నియమించి, సంవత్సరమునకు 5000 గుల్డెనుల జీవనభృతి నేర్పరచెను. మరుసటి సంవత్సరము రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా చేర్చుకొనెను. 1775లో వియన్నాలోని ప్రఖ్యాత వృక్షశాస్త్రజ్ఞుడు జాక్విన్ సోదరి యగు అగాథా మేరియాను ఆయన వివాహమాడెను.

ధనమునకు, గౌరవమునకు లోటులేని జీవితము. కాని ఆయన మనస్సు ప్రయోగశాలను వీడలేదు. అమెరికా మేధావి బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆయనకు ఆప్తమిత్రుడు. విద్యుత్తు, అయస్కాంతము, లోహముల ఉష్ణవాహకత — ఇట్టి విషయములపై ఇరువురికిని ఉత్తరప్రత్యుత్తరములు నడచుచుండెను. ఇటువంటి సమయముననే గాలిని గూర్చిన ఒక చిక్కుప్రశ్న ఆయన దృష్టి నాకర్షించెను.

ఆ ప్రశ్న ఇది. మూసిన పాత్రలో క్రొవ్వొత్తి కొంతసేపు వెలిగి ఆరిపోవును; ఎలుక కొంతసేపు బ్రతికి చచ్చిపోవును. లోకమునందు కోట్లకొలది ప్రాణులు ఊపిరి పీల్చుచున్నవి. ఎన్నియో మంటలు మండుచున్నవి. అయినను గాలి యంతయు ఎందుచేత చెడిపోలేదు? ఇంగ్లండులోని లీడ్స్ పట్టణమున జోసెఫ్ ప్రీస్ట్లీ అను మతాచార్యుడు 1771 ఆగస్టులో దీనికి సమాధానమును చూచాయగా కనుగొనెను. క్రొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో ఆయన పుదీనా కొమ్మ నొకదానిని ఉంచెను. పది దినములైన పిదప ఆ గాలిలో మరియొక క్రొవ్వొత్తి చక్కగా వెలిగెను. చెడిన గాలిని మొక్క బాగుచేయుచున్న దన్నమాట. ఈ కృషికి 1773లో ఆయనకు కాప్లీ పతకము లభించెను. ఆ సభలో ప్రశంసోపన్యాసము చేసినవాడు అధ్యక్షుడైన ప్రింగిల్. మిత్రుని ఉపన్యాసమును చదివిననాటినుండియు మొక్కల ఈ శక్తిని స్వయముగా పరీక్షింపవలెనను కోరిక ఇంగెన్‌హౌస్‌కు కలిగెను.

కాని ఇతరులు అదే ప్రయోగమును చేసినప్పుడు అదే ఫలితము రాలేదు. స్వీడను రసాయనశాస్త్రజ్ఞుడు షీలే చూచినప్పుడు మొక్కలు గాలిని బాగుచేయుటకు బదులు పాడుచేసెను. 1778లో ప్రీస్ట్లీయే తన పరీక్షలను మరల చేయగా, ఒకసారి గాలి బాగుపడెను, మరియొకసారి చెడెను. ప్రయోగము చేసినవారందరును నిజాయితీ గలవారే. అందరి పాత్రలును శుభ్రమైనవే. అయినను ఫలితములు ఒకటితో నొకటి పొసగలేదు. ఏదో ఒక నిబంధన వారి కంటపడకుండ తప్పించుకొనుచుండెను. దానిని పట్టుకొనువరకు మొక్క గాలిని బాగుచేయునను మాట సందేహముగనే మిగిలిపోవలసియుండెను.

1779 వేసవిలో ఇంగెన్‌హౌస్ సెలవుమీద ఇంగ్లండులో ఉండెను. లండను సమీపమున సౌతాల్ అను పల్లెలో ఒక ఇల్లు అద్దెకు తీసికొని, మూడు నెలలు నిండకుండనే 500కు పైగా ప్రయోగములు చేసెను. ఆకులను బావినుండి తోడిన నీటితో నిండిన గాజుపాత్రలలో ముంచి, పాత్రలను బోర్లించి, కొన్నిటిని ఎండలోను, కొన్నిటిని నీడలోను, కొన్నిటిని చీకటిలోను ఉంచెను. వెలువడిన వాయువు పరిమాణమును కొలిచెను. ఎంత శుద్ధమైనదో రసాయన పరీక్షచేత నిర్ణయించెను. చెట్ల ఆకులు, కూరమొక్కల ఆకులు, గడ్డి, నీటిమొక్కలు, విషపు మొక్కలు — దేనిని విడువలేదు. ఆకు ఒకసారి, కాడ ఒకసారి, పువ్వు, పండు, వేరు ఒక్కొక్కసారి వేర్వేరుగా పరీక్షించెను. పల్లెలలో వందలకొలది మనుష్యులకు మశూచిరసము నెక్కించుచు, ఏ స్థితిలో ఏమి జరిగెనో గుర్తుంచుకొన్న వైద్యుని అలవాటు ఇచట ఆకుల విషయమున అక్కరకు వచ్చెను.

ఆయనకు కనబడిన సత్యము లివి. ఎండ తగిలిన ఆకులపై బుడగలు పుట్టును. ఆ బుడగలలోనిది మేలైన ప్రాణవాయువు. చీకటిలో అట్టి బుడగలు రావు. సూర్యుడు ఉదయించిన కొంతసేపటికి ఈ పని ఆరంభమగును, సాయంకాలమున మందగించును, సూర్యాస్తమయముతో ఆగును. ఈ పనిని చేయునవి ఆకులును, ఆకుపచ్చని కాడలును మాత్రమే. లేత ఆకులకంటె ముదిరిన ఆకులు ఎక్కువ వాయువు నిచ్చును. దుర్గంధము గల మొక్కయైనను, విషపు మొక్కయైనను ఈ ఉపకారమున మంచి మొక్కకు తీసిపోదు. నీటిమొక్కలు ఇందు మరింత దిట్టలు.

ఇచట ఒక ఆక్షేపణకు అవకాశము కలదు. ఎండలో వెలుతురుతోపాటు వేడియు ఉన్నది. నీరు వెచ్చబడుటచేత అందులోని గాలి బుడగలై ఆకులకు అంటుకొనెనేమో! జెనీవా వాసి బోనే ఇంతకు చాలకాలము క్రిందటనే, 1754లో, నీట మునిగిన ఆకులపై బుడగలను చూచి, అవి నీటిలోని గాలియే యని తలచి విడిచిపెట్టెను. ఇంగెన్‌హౌస్ ఆ సందేహమును అంతటితో విడువలేదు. ఎండలో వెచ్చబడియున్న ఆకును కోసి, అప్పుడే తోడిన చల్లని నీటిలో ముంచి ఎండలో ఉంచెను. వేడియే కారణమైనచో నీరు వెచ్చబడువరకు బుడగలు రారాదు. కాని నీరు చల్లగా ఉండగనే బుడగలు వచ్చెను. కనుక ఆకుచేత ఈ పని చేయించునది సూర్యుని వేడి కాదు, సూర్యుని వెలుతురు. ప్రీస్ట్లీకి ఒకసారి చిక్కి మరియొకసారి చిక్కని ఫలితమునకును, షీలే చూచిన విరుద్ధ ఫలితమునకును తాళపుచెవి ఇదియే.

మరియొక చిన్న విషయమును కూడ ఆయన గుర్తించెను. చాల మొక్కలయందు, ముఖ్యముగా ఎత్తైన చెట్లయందు, ఆకు పైభాగముకంటె అడుగుభాగముననే బుడగలు ఎక్కువగా పుట్టుచుండెను. దీనికి కారణము ఆకు నిర్మాణమున ఉన్నది. ఆకు అడ్డుకోతను సూక్ష్మదర్శినిలో చూచినచో, పైపొర క్రింద నిలువుగా బారులుతీరిన కణములు కనబడును. ఆకుపచ్చని హరితరేణువులు వీనిలో దట్టముగా నిండియుండును. వెలుతురును ఎక్కువగా గ్రహించునవి ఇవియే. వీని క్రింద కణములు వదులుగా అమరి, నడుమ గాలి సంచరించుటకు ఖాళీలు గలిగి, స్పంజివలె నుండును. అడుగుపొరలో కంటికి కనబడని రంధ్రములు కలవు; వీనినే పత్రరంధ్రము లందురు. అనేక జాతులలో ఒక చదరపు మిల్లీమీటరు మేరలోనే ఇవి వందకు పైగా ఉండును. ఒక్కొక్క రంధ్రమునకు ఇరుప్రక్కల రెండు రక్షకకణములు తలుపు రెక్కలవలె నిలిచి తెరచుచు, మూయుచు నుండును. వేళ్లు పీల్చిన నీరు ఈనెల ద్వారమున ఆకంతటికిని అందును. గాలి ఈ రంధ్రముల ద్వారమున లోనికి పోవును, బయటికి వచ్చును. సామాన్యముగా చెట్ల ఆకులలో ఈ రంధ్రములు అడుగునే హెచ్చుగా ఉండుటచేత, ఇంగెన్‌హౌస్ చూచిన బుడగలును అడుగుననే హెచ్చుగా పుట్టెను. నీటిపై తేలు కలువ ఆకునకు రంధ్రములు పైభాగమున ఉండును. పాఠశాలలో వాడు హైడ్రిల్లా పూర్తిగా నీట మునిగి పెరుగునది. దాని ఆకులకు రంధ్రములు లేవు. కావుననే ఆ ప్రయోగమున బుడగలు ఆకులనుండి గాక తరచుగా కోసిన కాడ మొదటినుండి బారుగా వెడలుచుండును. పటము గీయు విద్యార్థి దీనిని గమనింపవలెను.

ఇంగెన్‌హౌస్ నిజాయితీకి గీటురాయి ఆయన ప్రయోగములలోని రెండవ సగము. మొక్కలు మానవునకు మేలు చేయునని మాత్రమే చెప్పియుండినచో లోకము మరింత సంతోషించెడిది. కాని రాత్రివేళ అవే ఆకులు గాలిని పాడుచేయుననియు, పువ్వులు, పండ్లు, వేళ్లు పగలును రాత్రియు గాలిని పాడుచేయుననియు కూడ ఆయన కనుగొని, దాచకుండ ప్రకటించెను. 1779లోనే లండనులో అచ్చువడిన ఆయన గ్రంథపు శీర్షికలో, ఎండలో గాలిని శుద్ధిచేయుటయు, రాత్రియు నీడలోను దానిని చెరచుటయు రెండును చేరియున్నవి. ఆ గ్రంథము త్వరలోనే ఫ్రెంచి, జర్మను, డచ్చి భాషలలోనికి పోయెను.

రాత్రి జరుగునది మొక్క ఊపిరి. మొక్కయు జంతువువలెనే ప్రాణవాయువును తీసికొని బొగ్గుపులుసు వాయువును విడుచును. ఈ పని పగలును సాగుచునే యుండును. కాని పగటిపూట వెలుతురులో వెలువడు ప్రాణవాయువు దానికి ఎన్నో రెట్లు మించుటచేత అది కనబడదు. రాత్రి చెట్టుక్రింద పండుకొనరాదు, గదిలో మొక్క నుంచుకొనరాదు, అది విషవాయువును విడుచునను మాటకు చాలమంది ఈ శాస్త్రమునే ఆధారముగా చెప్పుదురు. తరగతిగదులలోను ఈ మాట వినబడును. ఇంగెన్‌హౌస్ కనుగొన్నదానిలో సగమును మాత్రమే చెప్పుటచేత వచ్చిన భయ మిది. మొక్క రాత్రియంతయు విడుచు చెడుగాలి, అదే మొక్క మంచి ఎండలో రెండు గంటలలో ఇచ్చు ప్రాణవాయువులో నూరవవంతైనను ఉండదని ఆయనయే లెక్కకట్టి వ్రాసెను. ఒక మనిషి దినమునకు సుమారు ఒక కిలోగ్రాము బొగ్గుపులుసు వాయువును విడుచును. గదిలో రెండవ మనిషి నిద్రించిన భయపడనివారు, కుండీలోని మొక్కకు భయపడుట తగదు. చెట్టుక్రింద పామునకో, తేలునకో భయపడినచో అది వేరు సంగతి. గుణము నొక్కదానినే చెప్పి పరిమాణమును విడిచినచో సత్యమే అసత్యమగునని ఈ ఉదంతము తెలుపుచున్నది.

గ్రంథము వెలువడిన పిదప కీర్తితోపాటు కలహమును వచ్చెను. వెలుతురు ప్రాముఖ్యమును ముందుగా గుర్తించినవాడెవడను విషయమున ప్రీస్ట్లీతోను, జెనీవా మతాచార్యుడు సెనెబియేతోను వివాద మేర్పడెను. ముగ్గురును ఇంచుమించు ఒకే కాలమున ఒకే బాటలో నడచినవారు. పేరు తనకు దక్కకపోవునేమో యను బాధ ఇంగెన్‌హౌస్‌ను చాలకాలము పీడించెను. అయినను ఆ కలహము వ్యర్థము కాలేదు. బొగ్గుపులుసు వాయువు కలిసిన నీటిలోనే ఆకులు ప్రాణవాయువు నిచ్చునని సెనెబియే 1782లో ప్రకటించెను. లవాజియే నవీన రసాయనశాస్త్రమును ఇంగెన్‌హౌస్ తానును స్వీకరించి, మొక్క తన దేహమునకు కావలసిన బొగ్గును గాలిలోని ఆ వాయువునుండియే గ్రహించునని 1796లో ఒక వ్యాసమున నిరూపింపయత్నించెను. చెట్టు మన్ను తిని పెరుగునని తలచుచుండిన లోకమునకు, చెట్టు బరువులో అధికభాగము గాలినుండి వచ్చినదనుట వింతగొలిపెడి మాట.

మహనీయులకును పొరపాట్లు తప్పవు. 1798లో జెన్నరు గోమశూచి టీకాను ప్రకటించినప్పుడు, ఇంగెన్‌హౌస్ దానిని నమ్మలేదు. గోమశూచి వచ్చినవారికి మశూచి రాదనుట నిజము కాదని జెన్నరుకు ఉత్తరము వ్రాసెను. తన పాతపద్ధతిచేత ఎందరినో కాపాడిన ఆయన, అంతకంటె సురక్షితమైన క్రొత్తపద్ధతి ఎదుట నిలిచినప్పుడు దానిని గుర్తింపలేకపోయెను. కాలము జెన్నరు పక్షమున తీర్పు చెప్పెను.

ఇంగెన్‌హౌస్ చివరి సంవత్సరములు భార్యకును, వియన్నాకును దూరముగా గడచెను. 1788లో ఆ నగరమును విడిచినవాడు మరల అచటికి పోలేదు. ఫ్రెంచి విప్లవము, దానివెంట వచ్చిన యుద్ధములు యూరపు దారులను మూసివేసెను. ఆరోగ్యము క్షీణించిన ఆయనకు ఇంగ్లండులో లాన్స్‌డౌన్ ప్రభువు తన బోవుడ్ భవనమున ఆతిథ్య మొసగెను. అచటనే 1799 సెప్టెంబరు 7వ తేదీన ఆయన కన్నుమూసెను. సమీపమునగల కాన్ పట్టణపు చర్చిలో ఆయనను సమాధిచేసిరి. ఆ బోవుడ్ భవనముననే, ఇరువదియైదు సంవత్సరములకు ముందు, అదే ప్రభువు కొలువులో నుండి, ప్రీస్ట్లీ 1774 ఆగస్టు 1వ తేదీన ప్రాణవాయువును కనుగొనెను. ఆ వాయువు ఆకులనుండి వెలుతురులో వెడలునని నిరూపించినవాడు అదే యింట తుదిశ్వాస విడిచెను. ప్రీస్ట్లీ అప్పటికి స్వదేశమును వీడి అమెరికాలో ప్రవాసియై యుండెను. కీర్తికై వాదులాడిన ఇరువురును ఇంటికి దూరముగనే మరణించిరి.

తరువాతి శాస్త్రజ్ఞులు ఆ పనిని ముందునకు నడిపిరి. ఈ క్రియలో నీరును పాల్గొనునని 1804లో సోష్యూర్ తూచి చూపెను. ఆకుపచ్చని పదార్థమును 1817లో పెల్తియే, కవంతూ లను ఇరువురు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు వేరుచేసిరి, అదియే పత్రహరితము. వెలుతురులోని శక్తియే మొక్కలో ఆహారశక్తిగా నిలువయగునని 1845లో మేయరు వివరించెను. ఎండ తగిలిన ఆకులో పిండిపదార్థము చేరునని జర్మను శాస్త్రజ్ఞుడు సాక్స్ అయోడినుతో చూపెను. వెలువడు ప్రాణవాయువు బొగ్గుపులుసు వాయువునుండి గాక నీటినుండి వచ్చునని 1941లో రూబెను, కామెను లను అమెరికా శాస్త్రజ్ఞులు తేల్చిరి.

నేడు విద్యార్థి కిరణజన్య సంయోగక్రియ సమీకరణమును ఒక్క పంక్తిలో వ్రాయును. ఎడమవైపునగల బొగ్గుపులుసు వాయువు వెనుక సెనెబియే ఉన్నాడు. నీటి వెనుక సోష్యూర్ ఉన్నాడు. కుడివైపునగల ప్రాణవాయువు వెనుక ప్రీస్ట్లీ ఉన్నాడు. నడుమనున్న బాణపు గుర్తుపై సూర్యకాంతి యని వ్రాయుదురు. ఆ ఒక్క మాట మరచినవానికి ఉపాధ్యాయుడు మార్కులు తగ్గించును. సౌతాల్ పల్లెలో ఒక వేసవియంతయు ఆకులను ఎండకును నీడకును మార్చుచు ఇంగెన్‌హౌస్ సంపాదించి యిచ్చినది ఆ మాటయే.